కూత ఇక్కడ... కెమెరా అక్కడ!

మట్టిలో ఆడిన చెడుగుడు కోట్ల రూపాయల కబడ్డీ అయింది. సినిమా దానికి హీరోని ఇచ్చింది, టీవీ దానికి రాత్రి ఎనిమిదింటి వేళ ఇచ్చింది. ఇంత వెలుగులో మన ఊరి మైదానం మాత్రం ఎందుకు చీకట్లో ఉండిపోయింది?

2024 జనవరి. సంక్రాంతి సెలవులు. తణుకులో మా అక్కావాళ్ళింట్లో రాత్రి భోజనాల వేళ టీవీ ముందు పెద్ద పేచీ నడుస్తోంది. అక్కకి సీరియల్ కావాలి. బావగారికి వార్తలు కావాలి. ఏడో తరగతి చదివే మేనల్లుడు మాత్రం రిమోట్ వదలడంలేదు. చివరికి వాడే గెలిచాడు. తెరమీద రంగురంగుల లైట్లు, చెవులు హోరెత్తించే సంగీతం, సినిమా హీరోల్లా చేతులు కట్టుకుని నిలబడ్డ ఆటగాళ్ళు... ప్రో కబడ్డీ!

అరుగు మీంచి లోపలికొచ్చిన మామ్మగారు కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశారు.

‘ఇది మన చెడుగుడే కదట్రా! దీనికింత హంగామా ఏంటీ?’

‘చెడుగుడు కాదు మామ్మా, ప్రో కబడ్డీ. పవన్ సెహ్రావత్‌ని మన తెలుగు టైటాన్స్ వాళ్ళు రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి కొన్నారు తెల్సా?’

‘మనిషిని కొన్నారా!’ అని బుగ్గలు నొక్కుకున్నారావిడ. తర్వాత అడిగారు... ‘మన జట్టంటున్నావు. ఇందులో మన తణుకు వాళ్ళెవరన్నా ఉన్నార్రా?’

వాడు తెరవంకా, మామ్మవంకా చూశాడు. జవాబు లేదు. నిజానికి ఆ ప్రశ్న వాణ్ని కాదు, మనందర్నీ అడగాల్సింది.

చుట్టరికం పాతదే!

ఆటకీ వినోదానికీ పెళ్ళి చేసింది టీవీయేనని చాలామంది అనుకుంటారు. కానీ ఆ చుట్టరికం మన తాతల నాటిది. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడు మల్లయోధుడు. ఆ బలాన్ని జనం కళ్ళారా చూసింది మాత్రం ఆయన నడిపిన సర్కస్ డేరాలో. గుండెలమీద ఏనుగుని నిలబెట్టుకున్నాడని, కదిలే కారుని ఆపేశాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. అప్పట్లో స్టేడియమూ టీవీ తెరా రెండూ ఆ డేరాయే.

సర్కస్ తర్వాత సినిమా వచ్చింది. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు కీచకుడైతే, అతడితో తలపడే భీముడు ఎవరో గుర్తుందా? దండమూడి రాజగోపాల్. నటుడిగా మారిన బరువులెత్తే వీరుడాయన. కృష్ణాజిల్లా నుంచి వెళ్ళి దేశం తరఫున పోటీపడిన క్రీడాకారుడు. ఆ పోటీలు చూసినవారు ఎందరున్నారో కానీ, ఆ భీముణ్ని చూడని తెలుగువారు తక్కువ. 1991లో పరుగుల రాణి అశ్వినీ నాచప్ప తన పేరుతోనే వచ్చిన ‘అశ్విని’లో కథానాయికగా నటించింది. ట్రాక్ మీద ఎన్నో ఏళ్ళు పరిగెత్తినా, ఆమెను మన పల్లెలకు తెచ్చింది సినిమా హాలే.

ఆ తర్వాత దారి రెండువైపులా తెరుచుకుంది. ఆటగాళ్ళు తెరమీదకొస్తే, నటులు మైదానంలోకొచ్చారు. 2011లో మొదలైన సెలబ్రిటీ క్రికెట్ లీగ్‌లో మన నటుల జట్టు తెలుగు వారియర్స్ 2015, 2016, 2017, 2023ల్లో టైటిల్ గెలిచింది. నాగార్జున 2013లో బ్యాడ్మింటన్ లీగ్‌లోని ముంబయి జట్టుకి భాగస్వామి అయ్యాడు. 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్‌లు సచిన్‌తో కలిసి కేరళ ఫుట్‌బాల్ జట్టులో వాటాదారులయ్యారు. విజయ్ దేవరకొండ వాలీబాల్ జట్టు హైదరాబాద్ బ్లాక్‌హాక్స్‌తో చేయి కలిపాడు. రామ్‌చరణ్ టెన్నిస్ బంతితో ఆడే క్రికెట్ లీగ్‌లో హైదరాబాద్ జట్టును తీసుకున్నాడు. సినిమావాళ్ళు లేని లీగ్‌కి కళ రాదన్నది ఇప్పుడు వ్యాపార సూత్రం.

ఓవర్‌నైట్ హీరో

కబడ్డీకి ఆ కళ ముందుగా సినిమా వల్లే వచ్చింది. 2003 సంక్రాంతికి ‘ఒక్కడు’ విడుదలైంది. మహేష్‌బాబు అందులో కబడ్డీ ఆటగాడు. పోటీలకని కర్నూలు వెళ్ళి, అక్కడ ఆపదలో ఉన్న అమ్మాయిని కాపాడి హైదరాబాద్ తీసుకొస్తాడు. మా తరం కుర్రాళ్ళకి కొండారెడ్డి బురుజు గుర్తున్నట్టే, హీరో తొడగొట్టి కూతకెళ్ళడమూ గుర్తుంది. అంతవరకూ చెడుగుడంటే పనిలేనివాళ్ళు ఆడేదని తిట్టిన నాన్నలు కూడా ఆ సినిమాని రెండేసిసార్లు చూశారు. అదే ఏడాది జగపతిబాబు ‘కబడ్డీ కబడ్డీ’ వచ్చింది. 2010లో నాని ‘భీమిలి కబడ్డీ జట్టు’ ఓ తమిళ సినిమా ఆధారంగా మనకొచ్చింది. ఎప్పుడూ ఓడిపోయే పల్లెటూరి జట్టు కథది. చెప్పాలంటే మన పల్లెలకి దగ్గరగా వచ్చిన కబడ్డీ సినిమా అదే.

అయితే ఒక చిక్కుంది. సినిమాలో ఆట హీరోకి ఆభరణంలాంటిది. ఉంటే అందం. కథ నడిచేది మాత్రం ప్రేమతోనో పగతోనో. క్లైమాక్స్‌లో ఆఖరి కూతకి విలన్ ఓడిపోగానే మనం చెప్పులేసుకుని బయటికొస్తాం. ఊళ్ళో ఆడే కుర్రాడు మర్నాడు ఎక్కడ ప్రాక్టీసు చేస్తాడన్నది తెరకు పట్టదు. పట్టాలని అడగడం కూడా న్యాయం కాదేమో. అది సినిమా పని కాదు కదా!

టీవీకి కొలిచి కుట్టినట్టు...

2014 జులై 26న ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు నవ్వినవాళ్ళే ఎక్కువ. క్రికెట్ దేశంలో కబడ్డీ ఎవరు చూస్తారన్నారు. ఆగస్టు 31న తొలి సీజన్ ముగిసేసరికి 43 కోట్లమందికి పైగా చూశారని ప్రసారకర్తలు లెక్క చెప్పారు. ఆ ఏడాది మన దేశంలో ఐపీఎల్ తర్వాత అంతమంది చూసిన లీగ్ మరొకటి లేదు. అభిషేక్ బచ్చన్ జట్టు జైపూర్ పింక్ పాంథర్స్ కప్పు ఎత్తింది. ఎనిమిది జట్లలో మనదీ ఉంది... విశాఖపట్నం కేంద్రంగా తెలుగు టైటాన్స్.

ఎందుకింత ఆదరణ? కాస్త ఆలోచిస్తే కబడ్డీ టీవీ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. మగవాళ్ళ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. అంతా ఒకే చట్రంలో పడుతుంది. బంతి లేదు, బ్యాట్ లేదు. మనిషి ముఖమే ఆట. మామ్మగారికైనా మనవడికైనా నియమాలు విడమరచి చెప్పక్కర్లేదు. చెరో ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. విరామాలు కలుపుకున్నా దాదాపు గంటలో సరి. అంటే, రెండు సీరియళ్ళు వచ్చేంత సేపు!

ఇక మిగిలిన సర్దుబాట్లు లీగ్ చేసింది. మట్టి స్థానంలో మ్యాట్ వచ్చింది. పాత కబడ్డీలో కూత ఊపిరి ఆగేవరకూ. ఇప్పుడు 30 సెకన్ల గడియారం. వరసగా రెండు కూతలు ఖాళీగా వెళ్తే, మూడోది తాడోపేడో తేల్చుకోవాల్సిందే. పాయింటు తేకపోతే అవుట్. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు కూతకొచ్చినవాణ్ని పట్టేస్తే ఒక పాయింటు అదనం. దీనివల్ల ఓడిపోతున్న జట్టుకి ఆశ చావదు, చూసేవాడు ఛానల్ మార్చడు. ఆటను చెడగొట్టారని పాతకాలపు ఆటగాళ్ళు నొచ్చుకోవచ్చు. కానీ ఒప్పుకోవాలి... చెడుగుడుని బతికించింది ఈ మార్పులే.

ఆటగాడి జేబు సంగతీ చెప్పుకోవాలి. 2014 వేలంలో అత్యధిక ధర పలికింది రాకేశ్ కుమార్... 12 లక్షల 80 వేలు. 2018లో టైటాన్స్ రాహుల్ చౌదరిని కోటీ 29 లక్షలకి తిరిగి దక్కించుకుంది. 2023 అక్టోబరులో పవన్ సెహ్రావత్‌కి రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టింది. తొమ్మిదేళ్ళలో ఇరవై రెట్లు! ఒకప్పుడు రైల్వేలోనో పోలీసు శాఖలోనో క్రీడా కోటా ఉద్యోగం వస్తే చాలనుకున్న ఆట ఇది.

ఇన్ని కోట్లు పెట్టినా ఆ సీజన్‌లో టైటాన్స్ 12 జట్ల పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో జరిగిన 12వ సీజన్ దాకా ఆ జట్టు ఒక్కసారీ కప్పు గెలవలేదు. మామ్మగారి ప్రశ్న మళ్ళీ గుర్తుకొస్తుంది. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్, సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర, పవన్‌ది ఢిల్లీ. పేరు తెలుగుది, రంగు తెలుగుది, అరుపులు తెలుగువి. ఆడేవాళ్ళలో తారలు మాత్రం ఎక్కడివాళ్ళో. ఇందులో వాళ్ళ తప్పేం లేదు. మంచి ఆటగాడు ఎక్కడున్నా కొనుక్కోవచ్చన్నదే వేలం నియమం. మనం అడగాల్సింది మరొకటి. కొనుక్కోవడానికి మన దగ్గర ఆటగాళ్ళు ఎందుకు తయారవడంలేదు?

చూపించేవాళ్ళే యజమానులు

దీనికి జవాబు వెతికేముందు ఆటను నడిపిస్తున్నది ఎవరో చూడాలి. 2015లో స్టార్ సంస్థ ప్రో కబడ్డీని నడిపే మశాల్ స్పోర్ట్స్‌లో 74 శాతం వాటా కొంది. అంటే ఆటను చూపించేవాళ్ళే ఆటకు యజమానులయ్యారు. క్రికెట్‌లో మన హైదరాబాద్ కథా ఇలాంటిదే. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు డెక్కన్ చార్జర్స్ యజమాని ఒక పత్రిక... డెక్కన్ క్రానికల్. 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఆ జట్టు కప్పు గెలిస్తే ఊరూరా బాణసంచా కాల్చాం. మూడేళ్ళు తిరిగేసరికి యజమాని ఆర్థికంగా చితికిపోయాడు. 2012లో బోర్డు ఆ జట్టును రద్దుచేసింది. కప్పు గెలిచిన జట్టు పేరే లేకుండా పోయింది! దాని చోటు కొనుక్కున్నది ఒక టీవీ సంస్థ... సన్ నెట్‌వర్క్. అలా వచ్చిందే సన్‌రైజర్స్. 2016లో అది కూడా కప్పు తెచ్చింది. పత్రిక పోయి టీవీ వచ్చింది. ఊరు అదే, అభిమానులూ వాళ్ళే.

మైదానంలో ప్రేక్షకుడు లేకపోయినా లీగ్ బతుకుతుందని కూడా తేలిపోయింది. కరోనా తర్వాత 2021 డిసెంబరు నుంచి 2022 ఫిబ్రవరి వరకూ ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్ మొత్తం బెంగళూరులోని ఒక హోటల్లో జరిగింది. గ్యాలరీలో మనిషి లేడు. టీవీలో మాత్రం సీజన్ చివరిదాకా సాగింది. చప్పట్లు లేకపోయినా ఆట సాగింది, కెమెరా లేకపోతే మాత్రం సాగేది కాదు.

కెమెరా చూపు పడని ఆట ఏమవుతుందో చెప్పడానికి ఒక ఇల్లు చాలు. పి.వి.రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టు సభ్యుడు. అర్జున అవార్డు గ్రహీత. ఆయన్ని మనమెలా గుర్తుపడతాం? సింధు నాన్నగారని! కూతురు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలుస్తుంటే ఇంటింటా టీవీ ముందు కూర్చున్నాం. ముప్ఫై ఏళ్ళ ముందు తండ్రి పతకం గెలిచినప్పుడు ఎంతమందికి తెలిసింది?

కడియం అమ్మాయిలు

ఇక అమ్మాయిల సంగతి. తణుకు నుంచి సిద్ధాంతం దగ్గర గోదావరి దాటి, రావులపాలెం, జొన్నాడ మీదుగా వెళ్తే కడియం వస్తుంది. పూలమొక్కల నర్సరీల ఊరు. 2021 సెప్టెంబరులో వచ్చిన ‘సీటీమార్’ కథ అక్కడిదే. గోపీచంద్ అందులో అమ్మాయిల కబడ్డీ జట్టుకి కోచ్. మూతపడే బడిని ఆ ఆటతోనే నిలబెట్టుకోవాలన్నది అతని పట్టుదల. పెద్ద సినిమాలో మన గోదావరి పల్లె అమ్మాయిలు నిక్కర్లేసుకుని కూతకెళ్తుంటే హాల్లో ఈలలు పడ్డాయి. ఆ ఈలల్లో సగం కోచ్ చేసే ఫైట్లకే పడ్డా, మిగతా సగమైనా అమ్మాయిలవే!

తెరమీద ఈలలు పడ్డాయి సరే, బయటో? 2016లో ప్రో కబడ్డీతోపాటే మహిళల కబడ్డీ ఛాలెంజ్ పెట్టారు. మూడే జట్లు. జులై 31న హైదరాబాద్‌లో ఫైనల్ జరిగింది. స్టార్మ్ క్వీన్స్ 24-23తో ఫైర్ బర్డ్స్‌ని ఓడించింది. ఒక్క పాయింటు తేడా! ఇంతకన్నా ఉత్కంఠ ఏ సినిమాలో ఉంటుంది? అయినా అది మగవాళ్ళ లీగ్‌లా ఏటేటా కొనసాగలేదు. 2025 నవంబరులో ఢాకాలో మన అమ్మాయిలు కబడ్డీ ప్రపంచకప్పు గెలుచుకున్నారు. అంతకుముందు 2012లోనూ వాళ్ళదే కప్పు. ఆ జట్టులో ఇద్దరి పేర్లు చెప్పమంటే మనలో ఎందరం చెప్పగలం? గుండెమీద చెయ్యేసుకుని ఆలోచించాల్సిందే.

మన సంక్రాంతినే చూడండి. హైకోర్టు వద్దన్నా ఆగని కోడిపందేల బరుల దగ్గర ఫ్లడ్‌లైట్లుంటాయి, పెద్ద తెరలుంటాయి, టీవీ కెమెరాలు బారులు తీరుతాయి. అదే పండక్కి ఊరి కుర్రాళ్ళు పెట్టుకునే కబడ్డీ పోటీలకి మైకు ఒక్కటే దిక్కు. కెమెరా జూదం దగ్గరికి పరిగెడుతుంది, ఆట దగ్గర ఆగదు. కెమెరాని అనేం లాభం? మనం ఎటు చూస్తే అదీ అటే తిరుగుతుంది.

మైదానమే ముందు

మరి మన గోదావరి గడ్డ మీంచి ఎవరూ రాలేదా అంటే... ఎందుకు రాలేదు? అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ఉన్నాడుగా! 2000లో పుట్టాడు. నాన్న వ్యాయామ ఉపాధ్యాయుడు. బ్యాట్ పట్టడం ఇంటి దగ్గరే నేర్చాడు. తర్వాత హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు. 2022 థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. చిరాగ్ శెట్టితో కలిసి 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. ఆ అక్టోబరులోనే ఈ జోడీ ప్రపంచ నంబర్‌వన్ అయింది. గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ పుస్తకంలోకెక్కాడు.

ఇన్ని చేసినా దక్కాల్సినంత గుర్తింపు దక్కిందా? 2024లో టీ20 ప్రపంచకప్ గెలిచిన క్రికెటర్లకి మహారాష్ట్ర ప్రభుత్వం 11 కోట్లు ప్రకటించినప్పుడు, థామస్ కప్ కూడా ప్రపంచకప్పుతో సమానమే కదా, మమ్మల్నెందుకు పట్టించుకోలేదని చిరాగ్ బాధపడ్డాడు. ఆ బాధ ఒక్కడిది కాదు, కెమెరా ఆలస్యంగా వచ్చే ప్రతి ఆటదీ.

కానీ సాత్విక్ కథలో మనం పట్టుకోవాల్సింది ఇంకొకటుంది. అతడి దగ్గరికి కెమెరా వచ్చేసరికి ఏళ్ళు పట్టింది. అంతకన్నా చాలాముందే కోర్టు ఉంది, నేర్పేవాళ్ళున్నారు, రోజూ తీసుకెళ్ళే నాన్న ఉన్నాడు. అవే లేకపోతే కెమెరా వచ్చి ఎవరిని చూపిస్తుంది? హరియాణా పల్లెల నుంచి కబడ్డీ ఆటగాళ్ళు అంతమంది రావడానికి కారణమూ ఇదే. అక్కడ ఆట ముందు ఊళ్ళో ఉంది, తర్వాత టీవీలోకెళ్ళింది. మనకి టీవీలో ఉంది, ఊళ్ళోకి రావాల్సుంది.

పెద్ద ఖర్చేం కాదు. కబడ్డీకి కావాల్సింది కాస్తంత చోటూ పద్నాలుగుమందీ. అయితే మట్టిలో చెప్పుల్లేకుండా ఆడినవాడు బూట్లు వేసుకుని మ్యాట్ మీద దిగితే మొదట కాళ్ళు తడబడతాయి. మడమ తిప్పడం, జారకుండా నిలదొక్కుకోవడం మళ్ళీ నేర్చుకోవాలి. పెద్ద పోటీలన్నీ మ్యాట్ మీదే కాబట్టి, మండలానికొక్క బడిలోనైనా అది పరిచి ఉంటే మనవాళ్ళు ఎంపికలకి వెళ్ళినప్పుడు ఆ తడబాటు ఉండదు. బడిలో వ్యాయామం పీరియడ్‌ని లెక్కల మాస్టారికి అప్పగించకుండా ఉంటే ఇంకా మంచిది. పండక్కి బరుల దగ్గర చేతులు మారే డబ్బులో రవ్వంత ఇటు తిరిగినా చాలు.

ఆ రాత్రి మ్యాచ్ అయిపోయాక మేనల్లుడు టీవీ కట్టేశాడు. మామ్మగారు పడుకోబోతూ వాణ్ని దగ్గరికి పిలిచారు. ‘మా అన్నయ్య చెడుగుడులో దిట్టరా. కూతకెళ్తే ఇద్దర్ని పడగొట్టందే వచ్చేవాడు కాదు’ అన్నారు. వాడు ఆశ్చర్యపోయాడు. ‘వీడియో ఉందా మామ్మా?’

ఆవిడ నవ్వేశారు. ‘వీడియో ఎక్కడుందిరా? ఊరంతా చూసింది, చాలదూ!’

మర్నాడు పొద్దున్నే వీధి చివర ఖాళీ స్థలంలో అరుపులు వినిపిస్తే వెళ్ళి చూశాను. సున్నంతో గీతలు గీసుకుని పిల్లలు రెండు జట్లయ్యారు. ఒక జట్టులో మా మేనల్లుడూ, పక్కింటి ఇద్దరమ్మాయిలూ. వాడు తొడగొట్టాడు... అచ్చం టీవీలోలాగే. అయితే కూత మాత్రం మామ్మ నేర్పింది. ‘చెడుగుడు గుడుగుడు’ అంటూ గీత దాటాడు.

అక్కడ కెమెరా లేదు. చూడ్డానికి మాత్రం నలుగురం ఉన్నాం. మీ వీధిలో ఆడుతుంటే మీరూ ఓ పది నిమిషాలు నిలబడి చూడండి.